తోక ఉంగరాన్ని నమ్మితే: ఒక బాతుల మందలో మగ, ఆడ లెక్క తప్పిన కేసు

నేపథ్యం

బెంగళూరుకు తూర్పున, హొసకోటె దాటాక అర ఎకరం ఫామ్‌హౌస్. యజమానులు నగరంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, శని ఆదివారాలే వస్తారు. మిగతా రోజుల్లో పక్షుల్ని చూసుకునేది కోలారు వైపు నుంచి వచ్చిన పనివాడు. ఆయనకు ఇంట్లో మాట తెలుగే. గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాం.

మందలో పదకొండు బాతులు. అన్నీ తెల్లవి, పెకిన్ రకం. ఇవి రెండు విడతలుగా వచ్చాయి. పాతవి ఐదు, స్థలం కొన్నప్పుడు దానితోపాటే వచ్చాయి. "ఒకటి మగది, నాలుగు ఆడవి" అని పాత యజమాని చెప్పి వెళ్లారు. వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు, ఆరేళ్లకు తక్కువ ఉండవు. కొత్తవి ఆరు. పది వారాల వయసులో "అన్నీ ఆడవే" అన్న మాట మీద కొన్నారు. మా దగ్గరకు కేసు వచ్చేసరికి వాటికి పద్నాలుగు నెలలు. అంటే యజమాని లెక్క ప్రకారం ఒక మగదానికి పది ఆడవి.

మేత లేయర్ మాష్, అంటే గుడ్ల కోళ్లకు పెట్టే పొడి మేత, దానికి తోడు అన్నం, ఆకుకూర కాడలు. పగలు తిరగడానికి పెద్ద స్థలం ఉంది, రాత్రి సిమెంటు గచ్చు ఉన్న షెడ్డు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు సిమెంటు తొట్టి కట్టించారు. అది నిండాలంటే దాదాపు 680 లీటర్లు పడుతుంది. బోరు ఎండిపోయి ట్యాంకర్ నీళ్ల మీద నడుస్తున్న చోటు కాబట్టి తొట్టి నింపేది వారాంతాల్లోనే. సోమవారం నుంచి శుక్రవారం దాకా బాతులకు దక్కేది రెండంగుళాల లోతు పళ్లెంలో తాగే నీళ్లు. ఈ సంగతి మొదట ఎవరూ చెప్పలేదు. అడిగితే గానీ బయటపడలేదు.

వచ్చిన సమస్య

నాలుగు బాతులకు మెడ వెనక ఈకలు ఊడి చర్మం బయటపడింది. రెండింటికి అక్కడే పుండ్లు కట్టి, వాటి మీద మళ్లీ రక్తం కారుతోంది. ఒకదాని ఎడమ కన్ను మూసుకుపోయి నురుగు కడుతోంది. ఇంకొకటి కుడికాలు కుంటుతోంది. రోజుకు నాలుగైదు వచ్చే గుడ్లు ఒకటి రెండుకు పడిపోయాయి.

యజమానికి వీటన్నిటికంటే వింతగా తోచింది వేరొకటి ఉంది. కొత్త బాతులు రాకముందు పొదిగించిన గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదు. అవి పెద్దవయ్యాక పెట్టిన గుడ్లలో చాలావరకు పిల్లలయ్యాయి. "కుర్ర ఆడబాతులు వచ్చేసరికి ముసలోడికి హుషారొచ్చింది సార్" అని నవ్వుతూ చెప్పారు. ఈ కేసు మొత్తానికి అతి విలువైన ఆధారం ఆ మాటే. సరదాగా అన్న మాట కాబట్టి అప్పటిదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అంతకుముందు చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

ఈకలు ఊడుతున్నాయి కాబట్టి పేలు, గోమార్లు అనుకున్నారు. వేరే చోట చూపించి రెండు వారాల ఎడంతో రెండుసార్లు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు చుక్కలు వేయించారు. మార్పు లేదు. తర్వాత ఫంగస్ అనుకుని నూనె ఆధారంగా ఉండే ఆయింట్‌మెంట్ మెడకు రాశారు. ఇది బాతుల విషయంలో ప్రత్యేకంగా చెడు చేసే పని. బాతు ఈక నీళ్లను ఆపేది ఈక నిర్మాణం వల్ల, అంటే సన్నని కొక్కేల్లాంటి భాగాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి ముక్కుతో తీసి పూసుకునే నూనె ఆ ఈకను చెడకుండా కాపాడుతుంది. మనం పూసే జిడ్డు ఆ కొక్కేలను అంటించేస్తుంది. తర్వాత బాతు నీళ్లలో దిగితే చర్మం దాకా తడిసి వణుకుతుంది. ఈ మందలో రెండు బాతుల మెడ ఈకలు ముద్దకట్టి ఉన్నది అందుకే. రోగం వల్ల కాదు.

మేత మార్చారు, గవ్వల పొడి కలిపారు, విటమిన్ చుక్కలు నీళ్లలో వేశారు. గుడ్లు పెరగలేదు.

పనివాడికి మాత్రం మొదటి నుంచీ వేరే అనుమానం. "మగదే కొరుకుతున్నట్టుంది సార్" అని ఆయన చెబితే, అందరూ మగదనుకునే, తోకలో ఉంగరంలా చుట్టుకున్న ఈక ఉన్న బాతును రెండు వారాలు వేరే గదిలో పెట్టారు. గాయాలు ఆగలేదు, ఇంకా ఎక్కువయ్యాయి. దాంతో "ఇది మగదాని గొడవ కాదు, రోగమే" అని తేల్చేసుకున్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. పరీక్షగా చూస్తే అది చాలా మంచి పరీక్ష. అనుమానం ఉన్నదాన్ని తీసేసి ఫలితం చూడటమే సరైన పద్ధతి. ఊహ కాదు, తీసిన పక్షి తప్పు. మగది అన్న గుర్తింపును ఎవరూ ప్రశ్నించలేదు కాబట్టి, సరైన ఊహను ఆ పరీక్ష కొట్టిపారేసింది. పశువైద్యంలో ఇలాంటి కేసులు తక్కువేమీ కాదు. ముందున్న లెక్కను మళ్లీ వేయకుండా దాని మీద కొత్త లెక్క వేస్తుంటారు.

గాయం ఎక్కడుందో చూడటం

మందు రాయడానికి ముందు గాయాల పటం గీయించాం. ప్రతి బాతుకూ కాలికి రంగు ప్లాస్టిక్ రింగు వేసి, ఈక ఊడిన చోటు, పుండు, గీత, అన్నీ కాగితం మీద గుర్తు పెట్టించాం. తెల్ల మందలో రింగు లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఐదు నిమిషాల్లో ఏది ఏదో తెలియకుండా పోతుంది.

పేలు, గోమార్లు ఎక్కువగా వెంట్ (రెట్ట, గుడ్డు బయటికొచ్చే ద్వారం) చుట్టూ, రెక్కల కింద ఉంటాయి. ఇక్కడ ఆ రెండు చోట్లూ శుభ్రంగా ఉన్నాయి. చర్మం గీకి మైక్రోస్కోపులో చూసినా ఏమీ లేదు. ఈకలు మార్చుకునే కాలమైతే రెండు వైపులా సమానంగా రాలతాయి, వాటి చోట నీలిరంగు మొదళ్లతో కొత్త ఈకలు పొడుచుకొస్తుంటాయి. ఇక్కడ ఈక మొదళ్లు చర్మంలోనే ఉన్నాయి, పైభాగం విరిగిపోయింది. నష్టమంతా రెండే చోట్ల: మెడ వెనక, నడుం మీద రెండు పక్కలా. మగబాతు ఎక్కేటప్పుడు ముక్కుతో పట్టేది మెడ వెనక, గోళ్లతో నిలదొక్కుకునేది నడుం మీద. అంటే ఇది జత కట్టడం మితిమీరిన దెబ్బ.

గుడ్లు తగ్గడానికీ అదే సరిపోయే కారణం. తరుముతున్న మగబాతుల నుంచి తప్పించుకునే పెట్ట మేత దగ్గర నిలబడదు, గూటిలో కూర్చోదు. కుంటుకూ అంతే. పెకిన్ లాంటి బరువైన రకాలు నీళ్లలో జతకడితే బరువును నీళ్లు మోస్తాయి. వారానికి ఐదు రోజులు నీళ్లు లేకపోతే ఆ బరువంతా సిమెంటు గచ్చు మీద ఆడబాతు కాళ్ల మీదే పడుతుంది.

అయితే ఒక మగది పది ఆడవాటిని ఇంత గాయపరచదు. సంతానం కోసం పెంచే మందల్లో ఒక మగదానికి ఐదారు ఆడవి పెడతారు, తేలిక రకాలైతే ఇంకా ఎక్కువ. పదికి ఒకటంటే గుడ్లలో పిల్లలు తగ్గాలి గానీ మెడలు చిట్లకూడదు. పైగా ఆ ఒక్కటి గదిలో ఉన్నప్పుడూ గాయాలు పెరిగాయి. మందలో లెక్కకు రాని మగవి ఉన్నాయన్నది దాదాపు ఖాయం.

పనివాణ్ణి మళ్లీ అడిగాం. ఉంగరాల ఈక ఉన్నది ఎవరి మీదా ఎక్కదట. "ఆడవే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి సార్" అన్నాడు. ఇది నిజంగానే జరుగుతుంది. చురుకైన మగది లేని మందలో పెత్తనం చేసే పెట్ట మిగతా పెట్టల మీద ఎక్కడం మామూలే. అందుకే ఎక్కడాన్ని బట్టి మగదో ఆడదో చెప్పకూడదు. ఆ వివరణ అందరికీ తెలిసిందే కావడం వల్లే ఇక్కడ మగవి ఆడవిగా చెలామణి అయిపోయాయి.

మగదా, ఆడదా: గుర్తులన్నీ ఒక్కటి కావు

బాతుల్లో మగ, ఆడ తేడా చెప్పే గుర్తులు రెండు జాతులు. కొన్ని హార్మోన్లను బట్టి వస్తూ పోతూ ఉంటాయి. కొన్ని గుడ్డులో ఉండగానే ఖాయమైపోయి చచ్చేదాకా మారవు. మొదటి జాతి గుర్తులు కంటికి తొందరగా కనిపిస్తాయి, అందుకే జనం వాటినే నమ్ముతారు.

ఈక రంగు సంగతి చూడండి. పెంపుడు బాతుల్లో మస్కోవీ (ముఖం మీద ఎర్రటి బుడిపెలుండే వేరే జాతి) తప్ప మిగతా రకాలన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. మగ మల్లార్డ్‌కు తల ఆకుపచ్చగా మెరుస్తుంది, కానీ సంతాన కాలం అయ్యాక ఆ ఈకలు రాల్చి కొన్నాళ్లు దాదాపు ఆడదానిలా తయారవుతుంది. అప్పుడు పనికొచ్చేది ముక్కు: మగదానికి పసుపు కలిసిన ఆకుపచ్చ, ఆడదానికి నారింజ మీద నల్లటి మచ్చలు. ఖాకీ క్యాంప్‌బెల్ రకంలోనూ మగదాని తల కంచు రంగులో, ముక్కు ఆకుపచ్చగా ఉంటాయి. తెల్ల బాతులో ఈ దారులన్నీ మూసుకుపోతాయి. ముక్కు పసుపును నమ్ముకుందామన్నా, గుడ్లు పెట్టే పెట్టలో ఆ పసుపు సొనలోకి వెళ్లిపోయి ముక్కు, కాళ్లు పాలిపోతాయి. మేతలో మొక్కజొన్న తగ్గినా పాలిపోతాయి. హెబ్బాళ, జక్కూరు చెరువుల్లో కనిపించే మచ్చల ముక్కు బాతుల్లోనైతే మగ, ఆడ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. దూరం నుంచి రంగు చూసి చెప్పడం అక్కడా కుదరదు.

ఇక తోక మీద పైకి చుట్టుకున్న ఉంగరాల ఈకలు. మల్లార్డ్ సంతతి మగబాతులకు సాధారణంగా మూడు నాలుగు ఉంటాయి. మస్కోవీ మగవాటికి ఉండవు. ఇవి రావడానికి మూడు నాలుగు నెలల వయసు రావాలి. ఈకలు మార్చుకునేటప్పుడు రాలిపోయి కొన్ని వారాలు కనిపించవు. పీకేస్తే కూడా అంతే. అంటే ఉంగరం లేకపోవడం ఆడ అని చెప్పదు. కొత్త ఆరింటిని కొన్నది పది వారాల వయసులో కాబట్టి అప్పటికి ఏ మగదానికీ ఉంగరం వచ్చి ఉండదు. మేం చూసేసరికి వాటి తోకల్లో ఉంగరాలు లేవు. మధ్యలో వచ్చి ఉండాలి కదా అని అడిగితే, యజమాని కూతురు నోటు పుస్తకంలో దాచుకున్న ఉంగరాల ఈకలు తెచ్చి చూపించింది. ఒక్క బాతు తోకకు అన్ని ఈకలు రావు. పెద్దవాళ్లు వాటిని కొట్లాటలో వంగిన ఈకలు అనుకున్నారట.

ఉంగరం ఉంటే మగదే అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. బాతుల్లో ఆడ ఈకలకు కారణం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్. అది లేకపోతే పెరిగేవి మగ ఈకలే. ఆడబాతుకు పనిచేసే అండాశయం ఎడమవైపు ఒక్కటే. ముసలితనం వల్లనో, గడ్డ వల్లనో, ఇన్‌ఫెక్షన్ వల్లనో అది ఆగిపోతే, తర్వాతి విడత ఈకలు మగదాని ఈకల్లా వస్తాయి. ఉంగరాలతో సహా. పాత మందలో ఆరేళ్లు దాటిన బాతుకు ఉంగరం ఉందంటే ఈ అవకాశాన్ని కొట్టెయ్యలేం. పైగా కొత్తవి పెద్దవి కాకముందు గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదన్న మాట ఉండనే ఉంది.

కాబట్టి మారని గుర్తుల దగ్గరకే వెళ్లాం. ముందు గొంతు. శ్వాసనాళం కింద రెండుగా చీలే చోట పక్షికి శబ్దపెట్టె ఉంటుంది. మగబాతుకు అక్కడ ఎడమవైపు బుడగలా ఉబ్బిన ఎముక గది ఒకటి ఏర్పడుతుంది. ఇది గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే తయారవుతుంది, ఆడ పిండంలో ఈస్ట్రోజన్ దాన్ని ఆపేస్తుంది. పెద్దయ్యాక హార్మోన్ తగ్గినా కొత్తగా పుట్టదు. అందుకే "క్వాక్" అని ఊరంతా వినిపించేలా అరిచేది ఆడబాతే. మగది బొంగురుగా, గాలి పోతున్నట్టు అంటుంది. బొమ్మల పుస్తకాల్లో ఆకుపచ్చ తల బాతు చేత క్వాక్ అనిపిస్తారు గానీ, ఆ తల ఉన్నదానికి అలా అనడం రాదు.

ఈ పరీక్షకు బాతు వయసు ఎనిమిది వారాలైనా ఉండాలి. అంతకుముందు అన్నీ కీచుమనే అంటాయి. మందలో ఉండగా వింటే ఏది అరిచిందో తేలదు. ఒక్కోదాన్ని రెక్కలు ఒంటికి అదిమి, కింద చేయి ఆనించి ఎత్తుకుని, మిగతావి కనిపించని చోటికి తీసుకెళ్లి నేల మీద వదిలితే ఒంటరితనానికి పిలవడం మొదలుపెడుతుంది. కాళ్లు పట్టి ఎత్తకూడదు, బాతు కాళ్లు ఆ బరువును తట్టుకోవు. ప్రతిదాని గొంతునూ ఫోనులో రికార్డు చేశాం. ఏడు గట్టిగా క్వాక్ అన్నాయి. మూడు బొంగురు. ఒకటి నోరు విప్పలేదు. ఆ ఏడింటిలో అందరికంటే గట్టిగా అరిచింది ఉంగరాల తోకదే.

గొంతు ఒక్కదాంతో ఆపలేదు. జలుబు, శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ ఉన్న ఆడబాతు కూడా బొంగురు పోతుంది. మూగగా ఉన్నది ఎలాగూ తేలాలి. అందుకని వెంట్ పరీక్ష. పక్షి జాతుల్లో మూడు శాతంలో మాత్రమే మగవాటికి లోపలికి చొచ్చే అవయవం ఉంటుంది, బాతు అందులో ఒకటి. కోళ్లలో ఇంత తేలిగ్గా తేలకపోవడానికి కారణం అదే. బాతుది స్క్రూలా మెలితిరిగి ఉంటుంది. ఆడదాని గుడ్డు నాళం దానికి వ్యతిరేక దిశలో మెలితిరిగి ఉంటుంది, ఇష్టం లేని జతకు ఇది అడ్డుగోడ.

బాతులు తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. పెంకు గట్టిపడ్డ గుడ్డు లోపలుండగా పొట్ట నొక్కితే పగిలే ప్రమాదం ఉంది. కాబట్టి ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య చేయాలి, అప్పుడు కూడా ముందు పొట్ట తడిమి చూసుకోవాలి. ఒకరు కూర్చుని బాతును ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, తోక ఎదుటివాళ్ల వైపు ఉండేలా పట్టుకోవాలి. రెండోవాళ్లు గ్లోవ్స్ వేసుకుని, వెంట్‌కు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు ఆనించి, మెల్లగా పక్కకూ కిందికీ ఒత్తుతూ తెరవాలి. మగదైతే తెల్లగా, మెలితిరిగిన అవయవం పైకి వస్తుంది. ఆడదైతే రాదు. గుడ్లు పెట్టే పెట్టలో ఎడమ పక్కన గుడ్డు నాళం ద్వారం తేమగా కనిపిస్తుంది. సంతాన కాలం కాని రోజుల్లో మగదాని అవయవం బాగా కుంచించుకుపోతుంది, తొందరపడి "లేదు" అని రాసేస్తే పొరపాటే. బలవంతంగా లాగితే బయటే ఉండిపోయి వాస్తుంది, అది వేరే చికిత్స. ఒకరోజు పిల్లల్లోనూ ఇదే పద్ధతి, అవయవం గుండుసూది మొనంత ఉంటుంది. అలవాటు లేని చేయి పిల్ల పేగుల్ని చిదిమేస్తుంది కాబట్టి వీడియో చూసి ప్రయత్నించవద్దు. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి, శిక్షణ సంస్థ ఉంది, అలాంటి చోట చూసి నేర్చుకోవాలి.

ఫలితం: బొంగురువి మూడూ, మూగదీ మగవి. నాలుగూ కొత్త విడతవే. ఉంగరాల తోకదానికి మగ అవయవం లేదు.

దానికి మాత్రం ఇంకో రెండు పరీక్షలు చేశాం. ఎక్స్‌రేలో మెడ మొదట్లో కనిపించాల్సిన గుండ్రటి ఎముక గది లేదు. ఛాతీ నుంచి పీకిన రెండు తాజా ఈకలు డీఎన్‌ఏ పరీక్షకు పంపాం. రాలిన ఈక పనికిరాదు, మొదట్లో జీవకణాలు ఉండాలి. పక్షుల్లో లింగ క్రోమోజోములు మగదానికి జెడ్‌జెడ్, ఆడదానికి జెడ్‌డబ్ల్యూ. రెండు క్రోమోజోముల మీదా ఉన్న సీహెచ్‌డీ జన్యువు పొడవు వేరు కాబట్టి మగదానికి ఒక గీత, ఆడదానికి రెండు గీతలు వస్తాయి. దీనికి రెండు వచ్చాయి. ఇంటిల్లిపాదీ మగదనుకున్నది ఆడది. ఆడవనుకున్న పదింటిలో నాలుగు మగవి. గుడ్లు పెట్టగల పెట్టలు ఆరు. నాలుగుకు ఆరు నిష్పత్తిలో మెడలు చిట్లడంలో వింత లేదు.

డీఎన్‌ఏ ఒక్కటే మొదటే చేయించి ఉండొచ్చు కదా అని యజమాని అడిగారు. చేయించొచ్చు. పదకొండు నమూనాలకు ఖర్చు, ఫలితం వచ్చేదాకా గాయాలు. గొంతు వినడానికి ఒక పూట చాలు, తేలని ఒక్కదానికే డబ్బు ఖర్చవుతుంది.

ఏం చేశాం, ఏది కుదిరింది

మొదటి నిర్ణయం, నాలుగు మగవాటినీ ఆడవాటి నుంచి పూర్తిగా విడదీయడం. మగబాతులన్నీ కలిపి ఉంచితే కొట్టుకు చస్తాయని యజమాని భయం. పెట్టలు అందుబాటులో లేకపోతే మగబాతులు ఒకచోట బాగానే సర్దుకుంటాయి. కోడిపుంజుల లెక్క వేరు. కాకపోతే మొదట వేసింది మూడడుగుల ఎత్తు ఇనుప వల మాత్రమే. పెట్టలు కనిపిస్తూనే ఉన్నాయి, మగవి పొద్దస్తమానం వల వెంట పరుగులు పెట్టి, ఒకదాన్నొకటి తరుముకుని, ఒకటి ముక్కు అంచు చీల్చుకుంది. వలకు కింది నుంచి రెండున్నర అడుగుల దాకా తడిక కట్టి, నీళ్ల పళ్లాలు ఎదురెదురుగా లేకుండా జరిపాక వారంలోపే సద్దుమణిగింది.

పుండ్లను సెలైన్‌తో కడిగి, లేత టీ రంగు వచ్చేదాకా పలచన చేసిన పోవిడోన్ అయోడిన్ అద్దాం. జిడ్డు ఆయింట్‌మెంట్ ఏదీ వాడలేదు. కంటికి ఫ్లోరెసిన్ రంగు వేసి చూస్తే నల్లగుడ్డు మీద పుండు పచ్చగా వెలిగింది. కాబట్టి స్టెరాయిడ్ లేని యాంటీబయాటిక్ చుక్కలు. అది తెలియక స్టెరాయిడ్ చుక్క వేసి ఉంటే కన్ను పోయే ప్రమాదం ఉండేది. చుక్కల కంటే ఎక్కువ పని చేసింది నీళ్లు. బాతు తల మొత్తం ముంచి కళ్లు, ముక్కు రంధ్రాలు కడుక్కోవాలి. దానికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు చాలు, తొట్టి అక్కర్లేదు. రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో రోజూ నలభై లీటర్లు మారిస్తే సరిపోయింది, తీసిన నీళ్లు అరటి మొక్కలకు. కుంటిదాన్ని పది రోజులు వరిగడ్డి పరుపు మీద ఉంచి, నొప్పి తగ్గే మందు ఇచ్చాం. కోళ్ల మేతలో నియాసిన్ అనే విటమిన్ బాతులకు చాలదు కాబట్టి కాళ్ల సమస్య అనగానే అందరూ ఈస్ట్ పొడి వైపు చూస్తారు. ఎదిగే పిల్లల్లో అది నిజమైన కారణమే. పద్నాలుగు నెలల పక్షికి ఒక్క కాలు మాత్రమే కుంటుతుంటే ముందు దెబ్బ కోసం వెతకాలి. మందులు ఆపాక డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా ఇంట్లో ఎవరూ గుడ్లు తినలేదు.

పుండ్లు మూడో వారానికి మానాయి. గుడ్లు ఐదో వారానికి రోజుకు మూడుకు వచ్చాయి. నాలుగు పెట్టలు ముసలివి కాబట్టి అంతకంటే ఆశించలేదు. మెడ మీద ఈకలు మాత్రం యజమాని అనుకున్నంత తొందరగా రాలేదు. పూర్తిగా ఊడిన చోట కొత్త ఈక వెంటనే మొదలవుతుంది. విరిగిన ఈక మొదలు చర్మంలోనే ఉంటే, తర్వాత ఈకలు మార్చుకునేదాకా ఆ చోటు అలాగే బోడిగా ఉంటుంది. మందు మార్చమని ఫోన్లు వచ్చింది ఈ దశలోనే. కాగితం మీది పటంలో కొత్త గీత ఒక్కటీ లేదని చూపించి ఆపాం.

తర్వాతి ప్రశ్న, అసలు మగది కావాలా? గుడ్ల కోసమే అయితే అక్కర్లేదు, మగది లేకుండానే పెట్టలు గుడ్లు పెడతాయి. వీళ్లకు పిల్లలు కావాలి కాబట్టి ఒకదాన్ని వదిలాం. అన్నిటికంటే పెద్దదాన్ని కాదు. బరువు ఎక్కువైతే పెట్టల కాళ్లకే ముప్పు. మేత దగ్గర మిగతావాటిని తరమనిదాన్ని, పాదాల అడుగున పుండు లేనిదాన్ని ఎంచాం. వదిలింది తొట్టి నిండి ఉన్న శనివారం. ప్రతి ఆదివారం ఆరు మెడలూ తడిమి చూడటం, రెండింటికి మించి ఈకలు విరిగి కనిపిస్తే దాన్ని మళ్లీ తడిక అవతలికి పంపడం అన్నది ఒప్పందం. కోసి మగతనం తీసేయమని ఒకసారి అడిగారు. బాతు వృషణాలు పొట్ట లోపల, నడుం ఎముకను ఆనుకుని ఉంటాయి, పెద్ద పక్షిలో అది ప్రమాదమున్న ఆపరేషన్. తడిక ఉండగా దాని అవసరం లేదు.

ఉంగరాల తోకదానికి అండాశయం ఎందుకు ఆగిందో తేల్చాలంటే లోపల చూడాలి. తింటోంది, బరువు తగ్గలేదు, పొట్టలో నీరు లేదు. ఆ వయసులో మత్తు ఇచ్చి వెతకడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదని వదిలేశాం. నెలకోసారి బరువు చూసి, పొట్ట తడిమితే చాలు. అది పెట్టల వైపే ఉంది.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

బాతుల మంద వస్తే "మగవి ఎన్ని, ఆడవి ఎన్ని" అని అడగడం మానేశాం. "ఎవరు చెప్పారు, ఏ వయసులో, ఏం చూసి" అని అడుగుతున్నాం. కోసుగా ఉన్న గుడ్డులో మగపిల్ల, గుండ్రటి గుడ్డులో ఆడపిల్ల అన్న లెక్కతో కొన్నవాళ్లూ ఉన్నారు. పక్షుల్లో పిల్ల మగదో ఆడదో తేల్చేది తల్లి ఇచ్చే క్రోమోజోమే, గుడ్డు ఆకారానికి దాంతో సంబంధం లేదు.

బెంగళూరు సంతల్లో ఎక్కువగా దొరికేవి ఆరు నుంచి పది వారాల పిల్లలు. ఉంగరం రాని వయసు, గొంతు అప్పుడే మారుతున్న వయసు, అంటే మోసపోవడానికి సరిగ్గా కుదిరే వయసు. పన్నెండు వారాలు దాటినవాటినే కొనడం మేలు. ఒక్కోదాన్ని గంప నుంచి తీసి పక్కకు తెచ్చి అరిపించి, గొంతు విని తీసుకోండి. అరవని దాన్ని ఆడదని లెక్కపెట్టొద్దు. మస్కోవీలకు ఈ పరీక్ష పనికిరాదు, వాటిలో మగది బుసకొడుతుంది, ఆడది సన్నగా కూస్తుంది. వాటిని శరీరం చూసి పోల్చాలి: పెద్దయ్యాక మగది ఆడదానికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది, ముఖం మీది ఎర్రటి బుడిపెలూ దానికే ఎక్కువ.